ఎడమచేతి కిటికీ

పొద్దున ప్యాసింజరులో గిద్దలూరు నుంచి మార్కాపురం రోడ్డు దాకా తొమ్మిదేళ్ళుగా తిరుగుతున్నాను. హైస్కూల్లో సైన్సు టీచరును. స్టేషన్లో దిగి ఆటో ఎక్కితే మా బడి పది నిమిషాలు. ఆ వేళకు పనికొచ్చే బండి అదొక్కటే. అందుకని టీచర్లు, బ్యాంకు వాళ్ళు, ఆఫీసు గుమాస్తాలు, కాలేజీ పిల్లలు, మిరపకోతలకు పోయే ఆడకూలీలు, కోర్టు వాయిదాల వాళ్ళు, ఆసుపత్రి వాళ్ళు అందరూ అందులోనే ఎక్కాలి. ఇసుక వేస్తే రాలదు. గిద్దలూరులో ఎక్కేవాళ్ళం కొంచెం అదృష్టవంతులం, కూర్చోవడానికి చోటు దొరకొచ్చు. కంభంలో ఎక్కేవాళ్ళ సంగతి దేవుడికే తెలియాలి. ఒక కాలు పెట్టాక రెండో కాలు ఎక్కడ పెట్టాలో తెలియక తర్లుపాడు దాకా ఒంటికాలి మీద నిలబడ్డ రోజులు నాకూ ఉన్నాయి.

నాకు నోరెక్కువ. ఇది మా అత్తగారు అన్న మాట, నేను ఒప్పుకున్న మాట. ఆ బండిలో నోరు లేనివాళ్ళు బతకలేరు. తా దూర కంత లేదు, మెడకో డోలన్నట్టు రెండు మూటలు, ఒక కోళ్ళ గంప పట్టుకుని ఎక్కేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అంటాను. అన్నాక జరిగి చోటిస్తాను. అనకుండా మాత్రం ఇవ్వలేను.

రోజూ తిరిగేవాళ్ళం ఇరవై మందిదాకా మూడో బోగీలో ఎక్కేవాళ్ళం. మాకొక పెద్దమనిషి ఉన్నాడు, మార్కాపురంలో ఏదో ఆఫీసులో సూపరింటెండెంటు. రెండేళ్ళలో రిటైరవుతాడు. ఆ బోగీకి చట్టాలన్నీ ఆయనవే. కిటికీలోంచి తువ్వాలు వేస్తే చెల్లదు, మనిషి కూర్చుంటేనే సీటు. నలుగురి బెంచీ మీద ఆరుగురు కూర్చోవాలి. గిద్దలూరు నుంచి కూర్చున్నవాళ్ళు కంభంలో లేచి, నిలబడ్డవాళ్ళకు ఇవ్వాలి. ఈ చట్టాలు రైల్వే వాళ్ళకు తెలియవు గానీ మా బోగీలో అందరూ పాటించేవాళ్ళు. కంభం స్టేషను కనపడగానే ఆయన గొంతు సవరించుకునేవాడు, మేం లేచేవాళ్ళం.

పోయిన దసరా సెలవులయ్యాక ఒక మంగళవారం, కంభానికి ముందున్న చిన్న స్టేషన్లో ఒకాయన ఎక్కాడు. నలభై అయిదేళ్ళుంటాయి. నల్లగా, సన్నగా ఉన్నాడు. ముఖం మాత్రం కొంచెం ఉబ్బింది. ఎడమచేతికి తువ్వాలు చుట్టుకుని, బడిలో పిల్లలు చెయ్యెత్తినట్టు పైకి ఎత్తి పట్టుకున్నాడు. అంత ఇరుకులో ఆ మోచెయ్యి సరిగ్గా నా నెత్తిమీదికి వచ్చింది.

"ఏందన్నా, ఆ చెయ్యి దించు. నా తలమీద పెడతావా ఏంది?" అన్నాను.

"దించకూడదు మేడం," అన్నాడు, నాకొక్కదానికే వినపడేట్టు. "దీన్ని ఎవురన్నా ఒత్తితే నా పని అయిపోతది."

తువ్వాలు కొంచెం జరిపి చూపించాడు. మణికట్టు నుంచి మోచేతి దాకా నరాలు తాళ్ళలాగా ఉబ్బి ఉన్నాయి. సైన్సు టీచరును కాబట్టి నాకు వెంటనే అర్థమైంది. కిడ్నీలు పనిచేయని మనిషికి రక్తం శుభ్రం చేయడానికి, చేతిలో రెండు రక్తనాళాలు కలిపి కుడతారు. ఫిస్టులా అంటారు. మంగళవారం, శుక్రవారం మార్కాపురంలో సూదులు గుచ్చేది ఆ నరానికే. అది నలిగినా, దానికి దెబ్బ తగిలినా మూసుకుపోతుంది. మూసుకుపోతే మళ్ళీ ఆపరేషను, మళ్ళీ నెలన్నర ఎదురుచూపు. అందాకా మెడలో గొట్టం. ఆ చెయ్యే ఆయన ప్రాణం. ఆ ప్రాణాన్ని వారానికి రెండుసార్లు మా బండిలో మార్కాపురం దాకా మోసుకుపోవాలి.

సిగ్గుతో నా తల వాలిపోయింది. లేచి నా సీటిచ్చాను. ఆయన కూర్చోనంటే భుజం పట్టి కూర్చోబెట్టాను.

ఆ రోజు నుంచి ఆయన మా మనిషైపోయాడు. సూపరింటెండెంటు గారు కొత్త చట్టం చేశాడు. మంగళవారం, శుక్రవారం గిద్దలూరు నుంచే ఒక సీటు ఖాళీగా ఉంచాలి. అదీ ఏ సీటంటే ఆ సీటు కాదు. ఎడమచెయ్యి కిటికీ వైపు ఉండాలి, అప్పుడు ఆ చేతికి పక్క మనిషి తగలడు. బండి పోయే దిక్కుకు ముఖం పెట్టి కూర్చుంటే ఎడమవైపు కిటికీ, వెనక్కి తిరిగి కూర్చుంటే కుడివైపు కిటికీ. ఇది తేల్చడానికి మాకు రెండు రోజులు పట్టింది. బ్యాంకు ఆయన కాగితం మీద బొమ్మ గీశాడు. కుడివైపు ఎండ కొడుతుందని ఎడమవైపుది ఖాయం చేశాం. 'ఎడమచేతి కిటికీ' అని దానికి పేరు కూడా పెట్టుకున్నాం. అంత జనంలో, కాళ్ళ మీద కాళ్ళు పడుతుంటే, ఒక్క సీటును ఖాళీగా కాపాడడం మాటలు కాదు. దాని మీద నా టిఫిను సంచి పెట్టి, ఎవరు చూసినా చూపుతోనే తరిమేదాన్ని. అంత మంచిపని చేస్తున్నందుకు నాకు లోపల గర్వంగానే ఉండేది. ఇప్పుడు చెప్పుకోవడానికి మొహమాటమెందుకు.

ఆయన చిన్న స్టేషన్లో ఎక్కేవాడు. మేం పిలిచి కూర్చోబెట్టేవాళ్ళం. ఇక అడగడం మొదలయ్యేది.

మా ప్రాంతంలో మనిషి కనపడితే అడగకుండా ఉండలేం. అడక్కపోతే పట్టించుకోలేదని నొచ్చుకునే ఊళ్ళు మావి. "క్రియాటినిన్ ఎంతుంది?" "బరువు ఎంత పెరిగినావు?" "ఒంటేలు వస్తున్నదా, బొత్తిగా లేదా?" "కాళ్ళు చూపించు, వాపు తగ్గిందా?" "డాక్టరు ఏమంటున్నాడు?" రోజుకు ఎన్ని నీళ్ళు తాగాలో డాక్టరు కొలత పెట్టాడని తెలిశాక ఆయన సీసా మీద ఇరవై జతల కళ్ళు. ఒక గుక్క తాగితే, "చాలు చాలు, మళ్ళీ ఆయాసం వస్తది," అని ఎవరో ఒకరు. ఆయన అన్నిటికీ జవాబు చెప్పేవాడు, ఒకే గొంతుతో, తల దించుకుని. బడిలో మా పిల్లలు ఎక్కాలు అప్పజెప్పినట్టు ఉండేది. నాకు అది వినయంగా కనపడింది.

ఫిస్టులా మీద చెయ్యి పెడితే లోపల రక్తం పరుగు తెలుస్తుంది. జుయ్యిమని, పిల్లి గుర్రుపెడుతున్నట్టు ఉంటుంది. ఈ సంగతి చెప్పింది నేనే. చెప్పి ఊరుకోకుండా, "ఏదన్నా, ఒకసారి పట్టుకుని చూడనా?" అని వేళ్ళు ఆనించి చూశాను. అంతే, ఇంక బోగీలో అందరికీ ఆ జుయ్యిమనేది కావాలి. బ్యాంకు ఆయన చూశాడు, సూపరింటెండెంటు గారు చూశాడు, ఇంటర్ చదివే ఆడపిల్లలు చూసి నవ్వారు. ఆయన చొక్కా చెయ్యి మడుచుకుని చూపించేవాడు. కోతికి పుండైతే తోటి కోతులన్నీ పరామర్శకు వచ్చి తలాకాస్త గీకిపోతాయంటారు మా పెద్దవాళ్ళు. మేం చేసింది అదే. ఆ సామెత నాకు తెలిసీ అప్పుడు గుర్తు రాలేదు.

సంక్రాంతి దాటాక ఒకరోజు ఉడకబెట్టిన శనక్కాయలమ్మే మనిషి వచ్చాడు. ఆయన ఒక పొట్లం తీసుకున్నాడు. విప్పక ముందే ఎనిమిది గొంతులు లేచాయి. "వద్దు, వద్దు." "శనక్కాయల్లో పొటాషియం ఉంటది, గుండె ఆగిపోతది." ఈ రెండోది నా గొంతే. ఆయన పొట్లం మడిచి పక్కన కూర్చున్న పిల్ల ఒళ్ళో పెట్టాడు. ఆ తర్వాత మార్కాపురం దాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

ఆ తర్వాతి వారం నేను చేసింది చెప్పాలి. అది శుక్రవారం. పెళ్ళిళ్ళ రోజులు, బండి మామూలు కంటే కిక్కిరిసింది. గిద్దలూరులో ఒకామె ఎక్కింది. చేతిలో పెద్ద సంచి, మోకాళ్ళ నొప్పులున్నట్టుంది, నిలబడలేక అవస్థపడుతున్నది. ఖాళీ సీటు చూసి కూర్చోబోయింది. నేను నా సంచి గట్టిగా పట్టుకున్నాను.

"మనిషి వస్తాడు," అన్నాను.

"వచ్చినప్పుడు లేస్తాలే అక్కా. అందాక కూర్చుంటా."

"కూర్చున్నవాళ్ళు లేవరు. తొమ్మిదేళ్ళ నుంచి చూస్తున్నా."

"యాడోళ్ళమ్మా మీరు? మనిషి నిలబడలేక చస్తాంటే సంచిని కూర్చోబెట్టినారు," అని ఆమె అందుకుంది. నేనూ ఊరుకోలేదు. మాటా మాటా పెరిగింది. చుట్టూ ఉన్నవాళ్ళు కొందరు ఆమె వైపు, కొందరు నా వైపు. అంతలో చిన్న స్టేషను వచ్చింది, ఆయన ఎక్కాడు. నాకు కోపం ఇంకా దిగలేదు. ఆయన భుజం పట్టుకుని ఆమె ముందుకు తెచ్చి నిలబెట్టాను.

"ఇప్పుడు చూడు, ఈయన కోసం పెట్టినాం. రెండు కిడ్నీలూ పోయినాయి. వారానికి రెండుసార్లు రక్తం మార్చకపోతే మనిషి దక్కడు. ఇప్పుడు చెప్పు, కూర్చుంటావా?"

ఆమె ఆయన ముఖం చూసి, "పాపం, తెలవదు నాయనా," అని చెంపలేసుకుంది. ఆయన పోయి కూర్చున్నాడు. నేను గెలిచాను. నా మాట నెగ్గిన సంతోషంలో ఆయన ముఖం వైపు చూడనేలేదు. మార్కాపురంలో దిగేటప్పుడు మాత్రం ఆమెతో, "నా వల్ల నిలబడితివి అక్కా, ఏమీ అనుకోవద్దు," అనడం విన్నాను.

తర్వాతి మంగళవారం ఆయన రాలేదు. శుక్రవారమూ రాలేదు.

మా బోగీలో ఎవరూ ఆ మాట పైకి అనలేదు. వారానికి రెండుసార్లు ఆసుపత్రికి పోయే మనిషి రెండుసార్లు కనపడకపోతే ఏమనుకుంటారు? ఆయన ఊరి పేరు తెలుసు గానీ, ఇల్లు తెలియదు. ఫోను నంబరు అడగలేదు. క్రియాటినిన్ ఎంతో అందరికీ నోటికి వచ్చు. భార్య ఉందో లేదో, పిల్లలెందరో, ఏం పని చేసేవాడో ఒక్కరికీ తెలియదు. సూపరింటెండెంటు గారు చిన్న స్టేషను దాకా సీటు ఖాళీగానే ఉంచేవాడు. బండి కదిలాక, "సరే, ఎవరన్నా కూర్చోండి," అనేవాడు. ఎవరో కూర్చునేవాళ్ళు. అలా మూడు వారాలు గడిచాయి. నాకు రాత్రి అన్నం సహించేది కాదు. ఆ మనిషి పోయి ఉంటే చివరిగా నేను ఆయనకు చేసింది అందరి ముందూ నిలబెట్టడం. అప్పటికి నాకు ఆ మేరకు బుద్ధి వచ్చింది.

నాలుగో వారం శనక్కాయల మనిషి వచ్చినప్పుడు ఉండబట్టలేక అడిగాను. "ఎడమచేతికి తువ్వాలు చుట్టుకునే ఆయన, నీకెప్పుడన్నా కనపడినాడా?"

"ఆ మామనా? ఆఖరి బోగీలో వస్తాడు గదా మేడం, కూలోళ్ళతోటి. మొన్న కూడా కనపడినాడు."

ముందు ప్రాణం లేచొచ్చింది. తర్వాత కోపం వచ్చింది. మేం సీటు పెట్టుకుని, జనంతో పోట్లాడి, మనిషి బతికున్నాడో లేదోనని కుమిలిపోతుంటే, ఈయన ఇదే బండిలో వెనకాల పోతున్నాడా? అదీ ఆఖరి బోగీలో! ఆ బోగీలో మిరపకోతల కాలంలో మామూలు మనిషి చెయ్యే విరుగుతుంది. పాపం మొహమాటపడ్డాడేమో, పోయి పిలుచుకురావాలి అనుకున్నాను. మంచిపని చేయాలనే దురద నాకు అంత తొందరగా వదలదు.

శుక్రవారం గిద్దలూరులో నేరుగా ఆఖరి బోగీ ఎక్కాను. అప్పటికే నిండిపోయి ఉంది. ఊరూరి నుంచి ఆడవాళ్ళు, మొగవాళ్ళ చొక్కాలు చీరల మీద తొడుక్కుని, నెత్తికి గుడ్డలు కట్టుకుని, అన్నం క్యాన్లు పట్టుకుని కురిచేడు దాకా కోతలకు పోతున్నారు. బట్టల్లో మిరప ఘాటు. ఎక్కగానే నాలుగు తుమ్ములు తుమ్మాను. "కొత్తమనిషి," అని ఎవరో నవ్వారు. నడిమధ్యలో ఇరుక్కుపోయాను. నా ముందు ఇద్దరు పొడుగాటి ఆడవాళ్ళు, వాళ్ళ సందులోంచి తలుపు కొంచెం కనపడుతున్నది.

చిన్న స్టేషన్లో ఆయన ఎక్కాడు. ఎక్కాడనేదానికంటే లాక్కున్నారని చెప్పాలి. లోపలి నుంచి ఒకామె కుడిచెయ్యి పట్టి లాగింది, వెనకనుంచి ఇంకొకామె వీపు మీద చెయ్యి వేసి తోసింది. "దూరు మామా, దూరు. పెండ్లికొడుకు మాదిరి నిలబడినావు." అందరూ నవ్వారు, ఆయనా నవ్వాడు. ఆయన అట్లా పళ్ళు కనపడేట్టు నవ్వడం నేనప్పుడే చూశాను. ముందు పళ్ళు కొంచెం ఎడంగా ఉంటాయి.

మరుగుదొడ్డి గోడకూ తలుపుకూ మధ్య ఒక మూల ఉంది. ఆయన ఎడమచెయ్యి ఆ మూలలో పెట్టుకుని, ఒళ్ళంతా దానికి అడ్డంగా పెట్టి నిలబడ్డాడు. జనం మీదికి ఒరిగినప్పుడు ఎవరో ఒకరు, "చెయ్యి, చెయ్యి," అనేవాళ్ళు. వేడి కూర గిన్నె తెచ్చేటప్పుడు జరగమన్నట్టు, అంత మామూలుగా. జరిగేవాళ్ళు. మళ్ళీ మాటల్లో పడేవాళ్ళు. ఆ చెయ్యి ఏమైందని ఎవరూ అడగలేదు.

"మామా, మా చిన్నోడికి పలక తెస్తానంటివే. బడికి పోనని యాగీ చేస్తున్నాడు," అన్నది ఒక పడుచు.

"ఏ పలక తేవాల? ఇప్పుడొచ్చేది పలకనా? అట్ట. రాతి పలక తెస్తా. గోటితో కొడితే ఖంగుమనాల, అది పలక. బద్దుమంటే లోపల పగులున్నట్టు. ఇరవై ఏండ్లు పలకలు కోసినోణ్ణి, చీకట్లో ఇచ్చినా చెప్తా."

ఆయన మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో కోతపని చేశాడని అప్పుడు తెలిసింది నాకు. బండ నుంచి పలకను పొరగా ఎట్లా లేపాలో, ఉలి ఏ వాలున పట్టాలో కుడిచేత్తో చూపిస్తూ చెబుతున్నాడు. వాళ్ళు వింటున్నారు, మధ్యలో ఆట పట్టిస్తున్నారు. పెద్ద కూతురు నర్సు చదువుకు పోయిందనీ, చిన్నది ఆరో తరగతనీ, ఆదివారం వాళ్ళ చర్చిలో డప్పు కొట్టేది ఈయనేననీ వాళ్ళ మాటల్లో విన్నాను. మాతో నాలుగు నెలలు తిరిగాడు. ఇందులో ఒక్కటీ మాకు తెలియదు.

నా పక్కనున్న పెద్దామెను మెల్లగా అడిగాను. "ఈయన రోజూ వస్తాడా అమ్మా?"

"వారానికి రెండు దినాలు వస్తాడు తల్లీ. పలకల పనికి పోతాడు. ఇప్పుడు అంతకంటే పని యాడుంది? చేతి మీద బండ పడి నరం దెబ్బతిన్నదంట. అయినా మానడు. కష్టజీవి."

అంత నోరున్న నేను అప్పుడు నోరు మూసుకోగలిగాను. అలాగే మూసుకుని మార్కాపురం దాకా పోయి దిగి ఉంటే ఎంత బాగుండేది. నాకప్పటికి అర్థమైంది, ఆయన్ను పిలుచుకుపోకూడదని. జనం చాటున తల దించుకుని, కనపడకుండా దిగిపోదామనే అనుకున్నాను.

తర్లుపాడు దాటింది. ఎవరో మూట విప్పి అరటిపళ్ళ గెల తీశారు. తోటలో పనికి పోతే ఇచ్చారట. చేతులు మారుతూ అందరికీ ఒక్కొక్కటి. పలక అడిగిన పడుచు ఆయన చేతిలో రెండు పెట్టి, "తిను మామా, బాగా మాగినాయి," అన్నది. ఆయన తీసుకున్నాడు. తొడిమ దగ్గర బొటనవేలు పెట్టాడు.

అరటిపండంటే ఆయనకు విషం లాంటిది. ఆ రోజు శుక్రవారం, మంగళవారం తర్వాత మూడు రోజుల మలినం రక్తంలో అలాగే ఉంది. అప్పుడు రెండు పళ్ళు తింటే గుండె ఏమవుతుందో పిల్లలకు పాఠం చెప్పేదాన్ని నేనే. నా నోరు నన్ను అడగలేదు.

"అన్నా, తినొద్దు! డయాలసిస్ మనిషివి, అరటిపండు తింటావా? చచ్చిపోతావు!"

అంత గోలలోనూ అందరికీ వినపడింది. ఆడవాళ్ళు తిరిగి నన్ను చూశారు, తర్వాత ఆయన్ను చూశారు. ఆయన కళ్ళు జనంలో వెతికి నన్ను పట్టుకున్నాయి.

"నేను తినను మేడం," అన్నాడు మెల్లగా. మెడలో వేలాడుతున్న సంచి తెరిచాడు. అందులో అంతకు ముందే రెండు జామకాయలు, ఒక శనక్కాయల పొట్లం ఉన్నాయి. అరటిపళ్ళు వాటి పక్కన పెట్టాడు. "ఎవురేమిచ్చినా తీసుకుని దీంట్లో వేసుకుంటా. ఇంటికాడ చిన్నది తింటది. వద్దంటే ఎందుకు వద్దని అడుగుతారు గదా."

పలక అడిగిన పడుచు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "డయాలసిస్సా మామా? పనికి పోతానంటివే?"

ఆయన సంచి మూసి, మళ్ళీ మెడలో సర్దుకున్నాడు.

"మా చిన్నాయనకు అదే. రెండేండ్లు కూడా..." అని ఎవరో మొదలుపెట్టారు. నా పక్కనున్న పెద్దామె, "ఊరుకోవే," అని కసిరింది. వాళ్ళు ఊరుకున్నారు. నేను జనాన్ని తప్పించుకుంటూ ఆయన దగ్గరికి చేరాను. అన్నా, తప్పైంది, అని చెప్పడానికే.

నేను నోరు తెరవక ముందే ఆయన నవ్వాడు. ఆ పళ్ళు కనపడేట్టు కాదు, మా బోగీలో తల దించుకుని మాకు చూపించేవాడే, ఆ నవ్వు.

"ఈ బండికి ఇంకెన్ని బోగీలుంటాయి మేడం?" అన్నాడు.

అందులో నిష్ఠూరమేమీ లేదు. నిజంగా లెక్క అడిగినట్టే అడిగాడు. నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. ఆ చేతికి దెబ్బ తగలకుండా ఆయన్ను మార్కాపురం చేర్చాలనే మేం నానా తంటాలు పడ్డాం. చెయ్యి భద్రంగానే ఉంది. ఆ చేతి వెనకాల ఒక మనిషి ఉన్నాడని, ఆ మనిషిని నాలుగు నెలలు నలిపామని, నలపని చోటు వెతుక్కుని పోతే అక్కడికీ వెంటపడి వచ్చానని ఆ క్షణంలో నాకు తెలిసింది.

మార్కాపురం రోడ్డు వచ్చింది. అక్కడ దిగడమంటే రోజూ చిన్న యుద్ధం. కింద ఎక్కేవాళ్ళు గుంపుగా నిలబడి ఉంటారు, లోపలివాళ్ళు కదలరు. మోచేతులతో పొడుచుకుంటూ, తిట్టించుకుంటూ, చెప్పు ఒకటి పోగొట్టుకుని దిగాలి. ఆ రోజు అట్లా కాలేదు. పెద్దామె, "జరగండే," అని ఒక్క మాట అన్నది. అంతే. ఆడవాళ్ళు మూటలు నెత్తికెత్తుకుని, అన్నం క్యాన్లు ఒళ్ళోకి లాక్కుని, ఒకరి మీద ఒకరు పడి గోడలకు అతుక్కుపోయారు. తలుపు దాకా దారి ఏర్పడింది. కింద ఎక్కబోయేవాళ్ళను కూడా తలుపు దగ్గరున్నవాళ్ళు చెయ్యి అడ్డం పెట్టి ఆపారు. పలక అడిగిన పడుచు ఆయన్ను చూడకుండా తల తిప్పుకుని నిలబడింది.

ఆయన ఆ ఖాళీ దారి చూసి అడుగు వేయలేదు.

"ఏందమ్మా ఇది? పోనీండి, రోజూ మాదిరి తోసుకుంటా పోతాలే," అన్నాడు.

ఎవరూ దగ్గరికి జరగలేదు.